మోసి చూశాకే తుపాకీ

తుపాకీలు బాగుచేసే పనిలోకి ఇప్పుడు ఎవరైనా వస్తున్నారా అంటే, ఒకరిద్దరు వస్తున్నారు. ఫోన్లో వీడియోలు చూసి వస్తున్నారు. ఏ రైఫిల్ గుండు ఎంత దూరం పోతుందో, ఏది ఏ దేశంలో తయారవుతుందో నాకంటే బాగా చెబుతారు. చెప్పనీ. నేను రాసేది అది కాదు. హిందూపురం మార్కెట్ వెనక సందులో ఒక చిన్న దుకాణం ఉండేది. లైసెన్సు ఉన్న దుకాణమే. తల నల్లగా ఉన్నప్పుడు అందులో చేరాను, తెల్లబడ్డాక బయటికొచ్చాను. అక్కడ మా పని అసలు ఏమిటో, కొత్తగా వచ్చేవాళ్ల కోసం రాస్తున్నాను.

నాకు చదువు ఆలస్యంగా వచ్చింది. బస్టాండులో బోర్డులు చూసి కూడబలుక్కున్నాను. పెనుకొండ, ధర్మవరం, ముదిగుబ్బ, ఇవే నా మొదటి పాఠాలు. కాబట్టి వాక్యం ఎక్కడైనా వంకర పోతే సర్దుకోండి.

అన్నిటికీ ఒకటే

దుకాణంలోకి వచ్చిన ప్రతివాడూ అడిగేది ఒకటే. "ఏమప్పా, అన్నిటికీ పనికొచ్చేది ఒకటి చూపీ."

అన్నిటికీ అంటే ఏమిటో వాళ్లకే తెలియదు. చేనుకు కావాలి, ఇంటికి కావాలి, ఆయుధపూజలో పెట్టడానికి కావాలి, వియ్యంకుడు వచ్చినప్పుడు గోడ మీద కనపడటానికి కావాలి. వేట చట్టప్రకారం ఎప్పుడో ఆగిపోయింది. నేను చేరేటప్పటికే లైసెన్సులు ఎక్కువగా పంట కాపలాకు ఇచ్చేవే. అడవిపందిని కొట్టాలన్నా అటవీశాఖ అనుమతి ఉండాలి. అయినా మాటల్లో మాత్రం వేట సాగుతూనే ఉండేది. పెనుకొండ నుంచి ఒక పెద్దాయన వారం వారం వచ్చి, టీ తెప్పించుకుని, తాను వయసులో కొట్టిన చిరుతను మళ్లీ కొట్టి వెళ్లేవాడు. ప్రతిసారీ అది జానెడు పెరిగేది. మా ఓనరు గంగాధరప్ప విని విని ఒకరోజు అన్నాడు:

"సామీ, ఇంగొగ తూరి చెప్పినావంటే అది మా అంగట్లో పట్టదు."

పెద్దాయన కూడా నవ్వాడు. ఇప్పుడు ఆ నవ్వే గుర్తొస్తుంది నాకు. ఆ నవ్వు, టీ గ్లాసుల చప్పుడు, గొట్టాలు తుడిచిన గుడ్డల నుంచి వచ్చే నూనె వాసన. మా ఇంటావిడ నా చొక్కా పట్టుకుని, "తుపాకీని పెండ్లి చేసుకున్నట్టుండాది నాకు" అనేది.

అడిగిన ప్రశ్నకు నా జవాబు సూటిగా చెబుతాను. మన ప్రాంతంలో రోజూ చేతిలో ఉండాల్సింది రైఫిల్ కాదు. రైఫిల్ అందమైనది. మంచి రైఫిల్ బల్ల మీదికి వచ్చిన రోజు నాకు అన్నం కూడా గుర్తుండేది కాదు. కానీ దాని గుండు మన చూపు ఆగినచోట ఆగదు. ఇక్కడ ఏ గుట్ట వెనక చూసినా ఒక గొర్రెల మంద ఉంటుంది, మందతో ఒక మనిషి ఉంటాడు. రామగిరి వైపు ఒక రైతు గట్టు మీది పందికి గురిపెట్టి పేల్చాడు. పంది తప్పించుకుంది. అవతలి వాలులో మేస్తున్న గొర్రె పడిపోయింది. ఎక్కడో దూరంగా పేలిన చప్పుడుకూ దీనికీ సంబంధం ఉందని కాపరికి తట్టలేదు. ఎండదెబ్బ అనుకుని గొర్రె నోట్లో నీళ్లు పోశాడట. గొర్రెకు అడుగు దూరంలో అతను కూర్చుని ఉన్నాడు. ఆ సంగతి తెలిశాక రైతు రైఫిల్ తెచ్చి మా దగ్గర పెట్టాడు. మళ్లీ దాని మొహం చూడలేదు.

సింగిల్ బ్యారెల్ పన్నెండు బోరు తుపాకీ చూడటానికి మోటు. కానీ దాని చిన్న గుండ్లు కొంత దూరం పోయి రాలిపోతాయి. చప్పుడు మాత్రం గుట్ట గుట్టంతా మోగుతుంది. పందికి కావాల్సింది ఆ చప్పుడే. గొట్టాన్ని కిందికి మడిస్తే లోపల తూటా ఉందో లేదో ఒక్క చూపులో తెలుస్తుంది. తుడవడం ఎవరికైనా వస్తుంది. తూటాలకు ఊళ్లు పట్టి తిరగనక్కర్లేదు. నా మాట ఇంతే. ఇంతకంటే పెద్ద రహస్యం ఉందని ఎవడైనా చెబితే వాడు అమ్మడానికి వచ్చాడని తెలుసుకోండి.

బరువు కట్టెలు

అయితే ఈ మాట చెబితే ఎవరూ వినరు. అందుకే గంగాధరప్ప చెప్పేవాడు కాదు.

ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. దుకాణం మూలలో తుమ్మకట్టెలు నిలబెట్టి ఉండేవి. తుపాకీ పొడవు, తుపాకీ వంపు. లోపల తొలిచి సీసం పోసి, ఒక్కొక్కటి ఒక్కో రకం తుపాకీ బరువు వచ్చేలా ఆయనే చేశాడు. బరువు కట్టెలు అనేవాళ్లం. కొనడానికి వచ్చినవాడికి ముందు తుపాకీ చూపించేవాడు కాదు. కట్టెను తుపాకీ వేసే కాన్వాస్ సంచిలో పెట్టి, భుజానికి తగిలించి, "తీసకపో. చేనికి పోయినా, గడ్డికి పోయినా, ఇది మీదనే ఉండల్ల. కొన్నాళ్లు మోసి రా, అప్పుడు మాట్లాడదాం" అనేవాడు.

జనం నవ్వేవారు. ఒకాయన అడిగేశాడు కూడా: "ఏమప్పా, పెండ్లికూతుర్ని చూపమంటే రోకలిబండ చూపిస్తాండావు?"

"బండ మోయలేనోడు పిల్లనేం మోస్తాడులేబ్బా" అన్నాడు గంగాధరప్ప.

కట్టె తిరిగొచ్చాక ఆయన దాన్ని చేత్తో తడిమేవాడు. చెమట పట్టి నున్నబడితే, ఆ బరువు ఆ మనిషికి సరిపోయినట్టు. ఇచ్చినట్టే దుమ్ము కొట్టుకుని వస్తే అది తలుపు వెనక నిలబడిందన్నమాట. తుపాకీ కూడా అక్కడే నిలబడుతుంది. మోయని తుపాకీ ఎంత గొప్పదైనా పంటను కాపాడదు. నా సర్వీసులో నేను నేర్చిన విద్య అంతా ఈ తడమడంలోనే ఉంది.

గంగాధరప్ప దేవుడేమీ కాదు. నోరు చెడ్డది. వచ్చినవాణ్ణి కూర్చోబెట్టకుండా పంపిన రోజులున్నాయి. తన పద్ధతి నచ్చక పోయినవాళ్లు అనంతపురం పోయి పెద్ద దుకాణాల్లో కొనుక్కుంటే, వాళ్ల తుపాకీ రిపేరుకు వచ్చినప్పుడు కావాలని ఆలస్యం చేసేవాడు. అది తప్పే. ఆయన ఎదుటే ఆ మాట చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను.

కొన్నాక పాడుచేసే తీరు

ఇది చెప్పకపోతే మీకు పనికిరాను.

ఎన్నికలు వస్తే మన జిల్లాలో లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లోనో, మా వంటి దుకాణంలోనో డిపాజిట్ చేయాలి. ఫలితాలు వచ్చి, అంతా సద్దుమణిగేదాకా అవి అక్కడే. మన రైతు మంచివాడు. తుపాకీ తుప్పు పడుతుందేమోనని ముందురోజు దానికి ఇంట్లో ఉన్న చెనిక్కాయ నూనె, అదే వేరుశనగ నూనె, దట్టంగా పట్టించి తెస్తాడు. పిల్లల తలకు పట్టించినట్టు. ఆ నూనె ఆరి, బంకగా మారి, తుపాకీ తిరిగి తీసుకునే నాటికి ట్రిగ్గర్ అతుక్కుపోయి ఉంటుంది. ప్రతి ఎన్నికల తర్వాత మాకు నెలల తరబడి పని అదే. ఏ పార్టీ గెలిచినా మాకు మిగిలేది బంకే.

ఆయుధపూజ ఇంకోరకం. గొట్టానికి పసుపు, కుంకుమ, గొట్టం మొదలు దగ్గర నిమ్మకాయ పిండడం. పూజ తప్పు కాదు. మర్నాడు తుడవకపోవడం తప్పు. నిమ్మరసం పడినచోట తుప్పు కన్నులా తెరుచుకుంటుంది. ధర్మవరం పట్టుచీరల వ్యాపారి ఒకాయన భక్తిగా తుపాకీని చీర మడతపెట్టినట్టు ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాచాడు. వానాకాలం పోయాక తెచ్చి, "మా చీరలకేం కాల్యా, దీనికేమొచ్చె?" అన్నాడు.

"చీరకు చెమట పట్టదు సేటూ, ఇనుముకు పట్టాది" అన్నాను.

అందుకే అంటున్నాను. రోజువారీ తుపాకీ ఎంచుకునేటప్పుడు గురి గురించి ఆలోచించే ముందు, అది మన ఇళ్లలో, మన పూజల్లో, మన ఎన్నికల్లో బతుకుతుందా అని చూడండి. విప్పే ముక్కలు తక్కువ ఉన్నది బతుకుతుంది.

రామక్క

ఇక ఒక కేసు చెబుతాను. ఈ పనిలో నాకు మిగిలిన కేసు ఇదే అనుకోండి.

ముదిగుబ్బ దగ్గర గుట్ట కింద ఊరు. నారాయణప్ప అనే రైతుకు లైసెన్సు రైఫిల్ ఉండేది. ఆయన జబ్బుచేసి పోయాడు. అలా పోయినప్పుడు తుపాకీ ఇంట్లో ఉంచకూడదు కాబట్టి మా దుకాణంలో డిపాజిట్ చేశారు. వారసురాలిగా భార్య రామక్క లైసెన్సుకు అర్జీ పెట్టుకుంది. ఆమె మొదటిసారి మా దగ్గరికి మరిది ఈరన్నతో వచ్చింది.

మాట్లాడిందంతా ఈరన్నే. "రైఫిలు మా ఇంటి మర్యాదప్పా. అది ఇంట్లోనే ఉండల్ల. కాగితం మా వదిన పేరు మీద ఉండనీ, కాపలా నేను కాస్తా."

"చేను ఎవురు చేస్తారు?" అన్నాడు గంగాధరప్ప.

"నాకే గుత్తకిస్తాది. ఆడమనిషి గుట్టకింద చేను యాడ కాపాడతాది? పోయిన పంట సగం పందులే తినిపాయె."

రామక్క అప్పుడు నోరు తెరిచింది. "గుత్తకిస్తానని నేను చెప్పలేదే. ఈ పంట గూడా పందులపాలైతే అప్పుడు చూద్దాం అన్నా."

అదీ సంగతి. ఆ ఏడు పంట నిలిస్తే చేను ఆమె చేతిలో ఉంటుంది. పోతే కౌలు పేరున మరిది చేతికి పోతుంది. ఒకసారి పోయిన చేను తిరిగి వస్తుందో రాదో మీ ఊళ్లలో మీరూ చూసే ఉంటారు.

గంగాధరప్ప మూల నుంచి రెండు కట్టెలు తీశాడు. ఒకటి రైఫిల్ బరువు, ఒకటి సింగిల్ బ్యారెల్ బరువు. ఈరన్నకు ఒళ్లు మండింది. "మేము తుపాకీకి వచ్చినాం, కట్టెలకు కాదు" అని వదినను లేవదీసుకుని పోయాడు.

రెండు మూడు రోజుల తర్వాత రామక్క ఒక్కతే వచ్చింది. ధర్మవరంలో బస్సు మారి, పెనుకొండ మీదుగా వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఆ కట్టెలిచ్చేయప్పా. రెండూ."

కాన్వాస్ సంచుల్లో పెట్టి ఇచ్చాం. చెరొక భుజాన వేసుకుని పోయింది. సందు మలుపులో నిలబడి పట్టీ సర్దుకుంది. అది చూసి గంగాధరప్ప, "ఈమె మోస్తాది" అన్నాడు. ఆయన అంత తొందరగా మాట అనడం నేను వినలేదు.

కొన్నాళ్లకు ఆమె తిరిగి వచ్చి ఒక కట్టె బల్ల మీద పెట్టింది. రైఫిల్ బరువుది. దుమ్ము అలాగే ఉంది.

"ఇది మా ఆయన బరువప్పా. నాది కాదు" అంది.

"రెండోది?"

"అది ఇయ్యను. ఇంగా పని ఉండాది దాంతో."

కలుపు తీసేటప్పుడు వీపున, సద్ది తినేటప్పుడు ఒడిలో, గొర్రెపిల్లలను తోలుకొచ్చేటప్పుడు భుజాన, అలా మోస్తోందట. సంచి పట్టీ భుజం కోస్తోందని పాత చీర అంచు చుట్టింది. చెబుతుంటే ఆమె మొహంలో చిన్న నవ్వు కదిలింది. మొగుడు పోయాక ఆమె నవ్వడం అదే మొదలేమో నాకు తెలియదు.

ఎస్సై వచ్చిన రోజు

ఒక ఉదయం దుకాణం ముందు పోలీసు జీపు ఆగింది. ఎస్సై, ఒక కానిస్టేబుల్, వెనక ఈరన్న. జీపులోంచి రామక్క కూడా దిగింది. ఆమె భుజాన కాన్వాస్ సంచి.

ఎస్సై కుర్రవాడు, కోపంగా ఉన్నాడు. "ఏమయ్యా గంగాధరప్పా, లైసెన్సు రాకముందే ఈమెకు తుపాకీ ఇచ్చావట? దుకాణం మూయించమంటావా?"

నేను చేతిలోని గుడ్డ పక్కన పెట్టి లేచి నిలబడ్డాను. గంగాధరప్ప మాత్రం అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఎవురు చెప్పినారు సార్?"

"నేనే చెప్పినా" అన్నాడు ఈరన్న. "ఊరంతా చూసినారు. చేన్లో భుజాన తుపాకీ ఏసుకోని తిరుగుతాండాది. నేను గట్టు మీద నుంచి నా కండ్లతో చూసినా. పందులు గూడా ఆ పక్కకు రావడం ల్యా."

"అట్లనా? పందులు గూడా రావడం ల్యా?" అన్నాడు గంగాధరప్ప, చాలా ఆసక్తిగా.

"రావడం ల్యా!"

ఎస్సై రామక్క వైపు తిరిగాడు. "సంచి విప్పమ్మా."

"దారిలో అడిగింటే దారిలోనే విప్పుదును గదా సార్. మీరు నన్ను మాట్లాడనియ్యలే" అంటూ ఆమె ముడి విప్పింది. తుమ్మకట్టె బయటికి వచ్చింది. చెమటకు, చేతి తాకిడికి నూనె పెట్టినట్టు నిగనిగలాడుతోంది.

కానిస్టేబుల్ మొహం పక్కకు తిప్పుకుని దగ్గాడు. అది దగ్గు కాదని అందరికీ తెలుసు.

ఎస్సై కట్టెను చేతిలోకి తీసుకున్నాడు. ఎత్తి చూశాడు. "ఇంత బరువుందేంటి?" అన్నాడు. గంగాధరప్ప పద్ధతి చెప్పాడు. ఎస్సై విని, కట్టె ఆమెకు తిరిగిచ్చి, "భుజానికి ఎత్తమ్మా" అన్నాడు. ఆమె ఎత్తింది. ఆ ఎత్తడంలో తడబాటు లేదు. రోజూ నీళ్ల బిందె ఎత్తినట్టు ఎత్తింది.

"బరువుగా లేదా?"

"మా ఈనిన గొర్రెను ఎత్తుకోని గుట్ట దిగినా సార్ మొన్న. అది తన్నింది. ఇది తన్నదు గదా."

"పేలిస్తే ఇదీ తంతుందమ్మా" అన్నాను నేను, ఉండబట్టలేక.

"తన్ననీలేప్పా. గొర్రె మాదిరి మీద ఉచ్చపోయదు గదా."

ఈసారి ఎస్సై కూడా నవ్వాడు. ఈరన్న ఒక్కడే నవ్వలేదు. "కట్టె మోస్తే తుపాకీ వస్తాదా సార్?" అన్నాడు.

ఎస్సై అతన్ని కొంచెంసేపు చూశాడు. "నువ్వు గట్టు మీద నుంచి చూసి తుపాకీ అన్నావు. కట్టెకూ తుపాకీకీ తేడా తెలియని నీకు కాపలా ఎట్లా అప్పగించమంటావు?" అని జీపెక్కాడు. విచారణలో ఏం రాశాడో నేను చూడలేదు. లైసెన్సు మాత్రం రామక్క పేరున, సింగిల్ బ్యారెల్‌కు వచ్చింది.

నారాయణప్ప రైఫిల్ లైసెన్సున్న ఇంకొకరికి పోయింది. పోయే ముందు ఆమె వచ్చింది. ఆయన చివరి ఆయుధపూజనాడు ట్రిగ్గర్ పక్కన కట్టిన పసుపు దారం ఇంకా ఉంది. దాన్ని కోయలేదు, ఓపికగా గోళ్లతో ముడి విప్పింది. విప్పి తన తుపాకీకి కట్టుకుంది. నేను బల్ల మీద వేరే పని ఏదో వెతుక్కున్నాను.

ఆ ఏడు చెనిక్కాయ ఒబ్బిడి అయి, పంట ఇల్లు చేరాక ఒక సంచి తెచ్చి దుకాణం ముందు దించింది.

"ఎన్ని తూర్లు పేల్చినావు రామక్కా?" అన్నాడు గంగాధరప్ప.

"ఒగ తూరి. పందులు అప్పటికే పోయినాయి. ఊరికే, మా మరిదికి ఇనపడల్లని."

చేను ఆమె చేతిలోనే నిలిచింది.

ఇప్పుడు

గంగాధరప్ప లేడు. దుకాణం ఆయన అల్లుడు నడుపుతున్నాడు. నేను మానేసినా, ఎన్నికలు వస్తే డిపాజిట్ల రద్దీకి సాయంగా పోయి కూర్చుంటాను. జీతానికి కాదు, ఆ నూనె వాసనకు.

మొన్నటి ఎన్నికలప్పుడు రామక్క వచ్చింది. తల పూర్తిగా నెరిసింది. తుపాకీ బల్ల మీద పెట్టింది. మడిచి లోపల చూశాను. గొట్టం అద్దంలా ఉంది. బంక లేదు, తుప్పు లేదు. పసుపు దారం రంగు పోయి నూలుపోగులా మిగిలింది.

"ఎన్నికలైనాక తీసకపోను, అన్నా. ఇంక ఈడనే. కాగితం గూడా ఇచ్చేస్తా."

"ఏమైంది రామక్కా?"

"చెయ్యి ఒణుకుతాండాది. ఒణికే చేతిలో తుపాకీ ఉండకూడదని మీ గంగాధరప్పనే చెప్పినాడు గదా."

"చేను?"

"చేనుకేమైతాది? నేనే చేస్తాండా. కూతురు, అల్లుడు తోడుండారు. సగానికి సోలార్ కంచె గూడా ఏసినాం." ఆమె కళ్లు దుకాణం మూలకు పోయాయి. బరువు కట్టెలు ఇప్పుడు ఎవరికీ ఇవ్వడం లేదు. పాత సామానుతో పాటు గోడకు ఆనించి ఉన్నాయి. ఆమె లేచి పోయి, ఒక్కొక్కటి ఎత్తి చూసి, అన్నిటికంటే తేలికైనది తీసుకుంది. సీసం రాలిపోయిన కట్టె అది.

"ఇది ఇస్తావా అన్నా? సంచితో సహా?"

"కట్టెతో ఏం చేస్తావమ్మా?" అన్నాడు గంగాధరప్ప అల్లుడు.

"దీనికి లైసెన్సు అడగరు. ఎన్నికలొస్తే డిపాజిట్టూ అడగరు. కంచె లేని పక్క దీన్నే ఏసుకోని తిరుగుతా. పందులకేం తెల్సు?" సంచి భుజాన వేసుకుని పట్టీ సర్దుకుంది, ఆ రోజు సందు మలుపులో సర్దుకున్నట్టే. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"కట్టె ఏదో తుపాకీ ఏదో మా మరిదికే ఇంతవరకు తెలీదు."

ముదిగుబ్బ వైపు పోయే బస్సు ఎక్కేదాకా ఆమెతో నడిచాను. కండక్టర్ ఆ సంచి చూసి, ఏమీ అడగకుండా ముందు సీటు ఖాళీ చేయించాడు.